ముప్పై రోజులు గోడ మీద

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పాఠకుల ఉత్తరాల్లో ఒక పెద్దమనిషి రాసింది చదివాను. ప్రేమ పెళ్లిళ్లకు తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి చేయాలని, ఇప్పుడున్న చట్టం పిల్లలకు చీకట్లో దాగుడుమూతలాడే వీలు కల్పించిందని ఆయన బాధపడ్డారు. ఆ బాధను నేను వెక్కిరించను. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. కానీ ఆయన చీకటి అంటున్న చట్టం తాలూకు కాగితాలు నా చేతుల మీదుగా నడిచాయి. రిజిస్ట్రేషన్ శాఖలో 1983లో చేరి 2016లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. వేరు వేరు మతాల వాళ్లు, ఎవరి మతంలో వాళ్లు ఉంటూనే ఈ దేశంలో పెళ్లి చేసుకోవాలంటే ఉన్న రాజమార్గం 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. అందులో చీకటికి చోటే లేదండీ. ఉన్నదంతా వెలుతురే. ఆ వెలుతురు గురించి చెబుదామనే ఈ ఉత్తరం.

మా ఆఫీసు వరండాలో, ఈసీల కౌంటరు (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చెప్పే ధ్రువపత్రాలు ఇచ్చే చోటు) పక్కన ఒక చెక్క బోర్డు ఉండేది. ఆకుపచ్చ రంగు, ముందు కోళ్లగూటికి వేసే ఇనుప వల, దానికో చిన్న తాళం. తాళంచెవి నా సొరుగులో ఉండేది. మా అటెండరు మైదాపిండి ఉడికించి, అందులో చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు చేసేవాడు. తుత్తం పడకపోతే బొద్దింకలు రాత్రికి రాత్రే కాగితాన్ని కొరికేసేవి. మార్కెట్ విలువల పట్టిక ఒక పక్క, స్టాంపు వెండర్ల జాబితా ఇంకో పక్క, మధ్యలో ఎప్పుడైనా ఒక పెళ్లి నోటీసు. అబ్బాయి పేరు, అమ్మాయి పేరు, వయసులు, చేసే పని, పెళ్లి కాలేదా, విడాకులా, భార్యో భర్తో పోయారా, ఇప్పుడు ఉంటున్న ఇల్లు, సొంతూరు. తర్వాతి రోజుల్లో ఫొటోలు కూడా అంటించేవాళ్లం. ముప్పై రోజులు అలా గోడ మీద ఉండాలి. ఆ లోపు ఎవరైనా సరే, చుట్టమే కానక్కర్లేదు, వచ్చి అభ్యంతరం చెప్పవచ్చు.

ఇద్దరిలో ఒకరి సొంతూరు మా పరిధిలో లేకపోతే నోటీసు నకలు అక్కడి ఆఫీసుకు పంపాలి. వాళ్లు దాన్ని వాళ్ల గోడకు అంటిస్తారు. అంటే ఊరొదిలి వచ్చిన పిల్ల పేరు వెతుక్కుంటూ మళ్లీ ఆ ఊరికే వెళ్తుంది. ఇంకో సంగతి. మీ పొలం ఈసీ మీరు తీసుకోవాలన్నా ఫీజు కట్టాలి. పెళ్లి నోటీసుల పుస్తకం మాత్రం అడిగినవాళ్లకల్లా ఉచితంగా చూపించాలని చట్టంలోనే ఉంది. పైసా అక్కర్లేదు.

అదే ఇద్దరూ హిందువులైతే కులం వేరైనా సరే, 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద వస్తారు. గుళ్లో తాళి కట్టించుకుని శుభలేఖ, ఫొటో, వయసు కాగితాలు, సాక్షులతో వస్తే అదే రోజు పని అయిపోతుంది. నోటీసు లేదు, ముప్పై రోజులు లేవు. మా పెద్దమ్మాయి పెళ్లి రిజిస్ట్రేషనుకు నలభై నిమిషాలు పట్టింది. అందులో అరగంట సర్వరు రాకనే.

గోడ మీద కాగితాన్ని ఎవరు చదువుతారులే అనుకుంటారు. చదివేవాళ్లు చదువుతారు. వరండాలో కూర్చునే డాక్యుమెంట్ రైటర్లకు దస్తావేజులు లేని పూట అదే కాలక్షేపం. టీ తెచ్చే కుర్రాడు చదువుతాడు. రిజిస్ట్రేషను పని మీద వచ్చి లంచ్ అయ్యేదాకా నిలబడ్డ ఊరిపెద్దలు చదువుతారు. ఈ మధ్య సెల్‌ఫోన్లు వచ్చాక చదవడం కూడా అక్కర్లేదు, ఒక ఫొటో చాలు. 1996 కార్తీకంలో మాత్రం సెల్‌ఫోన్లు లేవు. అప్పుడు చదివినవాణ్ణి నేనే.

అమ్మాయికి ఇరవై రెండేళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు. అబ్బాయి కరెంటు ఆఫీసులో లైన్‌మన్, క్రైస్తవుడు. ఫారం నా టేబుల్ మీదికి వచ్చింది. ఇంటిపేరు, ఊరు చూడగానే తెలిసింది, మా మేనత్త ఊరి పిల్ల. మా వాళ్లే. ఆ తండ్రికి ఎరువుల కొట్టుంది. నేనే బోర్డు తాళం తీశాను, నేనే అంటించాను. మధ్యాహ్నం భోజనాల వేళ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకు వెళ్లాను. మీటరు మీద ఎర్ర అంకెలు తిరుగుతుంటే, "బాబాయి గారూ, మీ అమ్మాయి విషయం ఒకటి చెప్పాలి" అన్నాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

మర్నాడు పదింటికల్లా జీపు వచ్చింది. ఆయనతో పాటు ముగ్గురు. ఆయన బోర్డు ముందు నిలబడ్డారు. హడావిడిలో కళ్లజోడు మర్చిపోయి వచ్చారు, వల వెనక అక్షరాలు ఆనలేదు. "కాస్త చదివి పెట్టు నాయనా" అన్నారు. చదివి పెట్టాను. పేర్లు, వయసులు, కూతురు అద్దెకుంటున్న ఇంటి నంబరు. ఇంటి నంబరు దగ్గర "మళ్లీ చెప్పు" అన్నారు. మళ్లీ చెప్పాను.

మా సబ్ రిజిస్ట్రారు మంచాయన. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, అభ్యంతరం ఉంటే రాసివ్వండి అని తెల్లకాగితం చేతికిచ్చారు. ఏమని రాయాలో కూడా చెప్పారు. చట్టం ఒప్పుకునే అభ్యంతరాలు లెక్కకు నాలుగే. ఇద్దరిలో ఒకరికి బతికున్న భార్యో భర్తో ఉండటం, మతిస్థిమితం లేకపోవడం, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండకపోవడం, పెళ్లి కూడని వరస కావడం. నాన్నకు ఇష్టం లేదన్నది ఆ నాలుగింట్లో లేదు. కులం లేదు, మతం లేదు. ఆయన కాసేపు కాగితం వైపు చూసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని లేచిపోయారు. మా అభ్యంతరాల రిజిస్టరులో ఆ పెళ్లి మీద ఒక్క అక్షరం పడలేదు. రాసివ్వడానికి కారణం లేనివాళ్లు రాసివ్వరు కదా, జీపు వేసుకుని వస్తారు.

గడువు దాటిన మర్నాడు అబ్బాయి ఒక్కడే వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, వెంట ముగ్గురు సాక్షులు. ఈ పెళ్లికి సాక్షులు ముగ్గురుండాలి. వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. రెండింటికి డ్యూటీ ఉందని ఒక సాక్షి వెళ్లిపోయాడు. అబ్బాయి అయిదున్నర దాకా కూర్చుని, అటెండరు తలుపులు వేస్తుంటే లేచాడు. నన్ను ఏమీ అడగలేదు. నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే ఆ నోటీసు చెల్లదు. మాఘమాసంలో ఆ గడువు కూడా తీరింది. పుస్తకంలో ఆ పేర్ల కింద ఎర్రసిరాతో "గడువు తీరినది" అని రాసింది నేనే. అదే మాఘంలో ఆ అమ్మాయికి వాళ్ల మేనమామ ఊళ్లో వేరే పెళ్లి చేశారు. నాకూ శుభలేఖ వచ్చింది. వెళ్లాను. భోజనం చేసి వచ్చాను.

ఇది చదివి ఆ పెద్దమనిషి, "చూశారా, కన్నవాళ్లకు తెలియడం వల్ల ఒక పెళ్లి ఆగింది, మంచిదే కదా" అనవచ్చు. ఆగింది మంచో చెడో చెప్పే అర్హత నాకు లేదు. నేను చెప్పేది ఒకటే. ఆ పెళ్లిని ఆపడానికి చట్టం ఎవరికీ హక్కు ఇవ్వలేదు. ఇవ్వని హక్కును వాడుకోవడానికి కావలసిన చిరునామా మాత్రం ఇంటి నంబరుతో సహా ఇచ్చింది.

ఇక రెండో వైపు. ఇది దాస్తే నా ఉత్తరం అబద్ధమవుతుంది. 2008లో ఒక చిన్న కాంట్రాక్టరు నోటీసు ఇచ్చాడు. ఫారంలో "అవివాహితుడు" అని రాశాడు. సొంతూరు పక్క జిల్లా కావడంతో నకలు అక్కడికి పంపాం. అక్కడి స్టాంపు వెండరు చూసి ఎవరికో చెప్పాడు, వాళ్లు ఇంకెవరికో చెప్పారు. పన్నెండో రోజున ఆఫీసు తెరవకముందే ఒకావిడ నాలుగేళ్ల పిల్లాడితో వచ్చి మెట్ల మీద కూర్చుంది. పెళ్లి ఆల్బమ్ తువ్వాలులో చుట్టుకుని తెచ్చుకుంది. రాత్రి బస్సులో పిల్లాడు వాంతి చేసుకున్నాడట, ఆల్బమ్ తడవకూడదని దాన్ని తన ఒళ్లో పెట్టుకుందట. విచారణ జరిగింది, పెళ్లి ఆగింది. ఆ రోజు ఆ బోర్డుకు నేను మనసులో దణ్ణం పెట్టాను. మోసపోబోయిన రెండో అమ్మాయి కూడా పెట్టే ఉంటుంది.

కాబట్టి నోటీసు వల్ల ఉపయోగమే లేదని నేననను. నా 33 ఏళ్లలో, నాకు గుర్తున్నంతవరకు, అది పట్టుకున్న దొంగ ఒక్కడు. అయితే అదే కాంట్రాక్టరు తన మతం పిల్లను చూసుకుని, ఏ కొండ మీదో తాళి కట్టి, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించుకుని ఉంటే ఏ బోర్డూ పట్టుకునేది కాదు. రెండో పెళ్లి మోసం అన్ని మతాల్లోనూ ఉంది. ఒక మతంలో చేసుకునేవాళ్లకు లేని కాపలా, మతం దాటేవాళ్లకే ఎందుకు? ఈ ప్రశ్న నేను సర్వీసులో ఉండగా ఒక ట్రైనింగులో అడిగాను. "టీ బ్రేక్ తర్వాత చూద్దాం" అన్నారు.

ఈ కాపలా మొదటి నుంచీ ఉన్నదే. బ్రహ్మసమాజం వాళ్ల కోసం 1872లో వచ్చిన పాత చట్టంలో నోటీసు గడువు 14 రోజులు. దానికి తోడు, నేను హిందువును కాను, ముస్లింను కాను, క్రైస్తవుణ్ణి కాను అని ప్రకటించాలి. స్వతంత్ర భారతం 1954లో ఆ ప్రకటన తీసేసింది, సంతోషం. 14 రోజులను మాత్రం 30 చేసింది. చర్చికి వెళ్లే మన వాళ్లకు తెలుసు, పెళ్లికి ముందు ఆదివారాల్లో పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగే ఆచారం. ఆ పాస్టరు గారికి ఆ ఇద్దరూ తెలుసు, విన్నవాళ్లూ వాళ్ల మనుషులే. దాన్ని తెచ్చి ముక్కూమొహం తెలియని జనం తిరిగే వరండాలో పెడితే అది దండోరా అవుతుంది.

కోర్టులకు ఇది తెలియక కాదు. నోటీసును ఇళ్లకు పంపడానికి చట్టంలో ఆధారం లేదని ఢిల్లీ హైకోర్టు 2009లోనే చెప్పింది. జంటల వివరాలను వెబ్‌సైటులో పెట్టడం వల్ల దుర్వినియోగం జరుగుతోందని కేరళ ప్రభుత్వం 2020లో దాన్ని ఆపింది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట కోరితేనే నోటీసు ప్రచురించాలి, లేకపోతే లేదు అని తీర్పు ఇచ్చింది. కానీ అది ఉత్తరప్రదేశ్ తీర్పు, చట్టంలో అక్షరం మారలేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఇదే ప్రత్యేక వివాహ చట్టం మీద పెద్ద తీర్పు ఇచ్చింది. అది స్వలింగ వివాహాల కేసు. వాదనలప్పుడు ఈ ముప్పై రోజుల మాట వచ్చింది గానీ, తీర్పులో తేలలేదు. పార్లమెంటు తేల్చాల్సిన ముక్క ఇది. మన ఎంపీలలో ఎవరైనా ఒక సవరణ బిల్లు పెడితే చూడాలని ఉంది. ఓట్లు రాని పని కనుక ఆశ పెద్దగా లేదు.

గాలి అటు వీస్తున్నట్టు కూడా లేదు. ఉత్తరప్రదేశ్‌లో మతం మారాలంటే 60 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు చెప్పాలని 2021లో చట్టం తెచ్చారు. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి పెళ్లి చేసుకోకుండా కలిసి ఉండేవాళ్లు కూడా రిజిస్టరు చేయించుకోవాలి. ఎవరికి ఎవరు ఇష్టమో ముందు ఆఫీసులో చెప్పాలన్నమాట. చెప్పిన మాట ఆఫీసులో ఆగుతుందా అంటే, పైన నా సంగతి చదివారు కదా.

దీని వల్ల జరిగే తమాషా ఒకటుంది. మతం మార్చుకోకుండా పెళ్లి చేసుకోవడానికి పెట్టిన చట్టం ఇది. ముప్పై రోజులు గోడ మీద నిలబడటానికి భయపడి జంటలు ఏం చేస్తాయి? ఒకరు మతం మార్చుకుంటారు. హైదరాబాదు వెళ్లి ఆర్యసమాజంలో సాయంత్రానికల్లా పెళ్లి చేసుకు వస్తారు. నా టేబుల్ దగ్గరికి వచ్చి వివరాలు అడిగి, "ముప్పై రోజులా సార్?" అని ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయినవాళ్లు ఫారం నింపినవాళ్ల కంటే ఎక్కువ. మతం మార్పిళ్ల గురించి గుండెలు బాదుకునేవాళ్లు ఈ బోర్డు వైపు ఒకసారి చూస్తే బాగుండును. అమెరికా కుర్రాళ్ల గోల ఇంకొకటి. మూడు వారాల సెలవు మీద వస్తారు, అక్కడి పిల్లతో పెళ్లి ఇక్కడ అమ్మానాన్నల ముందు జరగాలంటారు. చట్టం అడిగేది ముప్పై రోజులు. ఒకబ్బాయి నాతో, "అంకుల్, తత్కాల్ లేదా?" అన్నాడు. పాస్‌పోర్టుకు ఉంది నాయనా, పెళ్లికి లేదు అన్నాను.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఏం జరిగిందో, 2022 మేలో సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద ఏం జరిగిందో మీ పేపరులోనే చదివాం. ఒక చోట అల్లుణ్ణి చంపించింది హిందూ తండ్రి, ఇంకో చోట చెల్లెలి భర్తను చంపింది ముస్లిం అన్న. మిర్యాలగూడ కేసులో 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, మిగతావాళ్లకు యావజ్జీవం వేసింది. ఆ రెండు జంటలూ ఈ ముప్పై రోజుల దారిలో రాలేదు. తొందరగా పెళ్లి చేసుకున్నా ప్రాణం దక్కలేదు. ఇక నెల రోజులు ముందుగా అడ్రసు గోడకు అంటిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఇలాంటి జంటలకు రక్షణ గృహాలు, జిల్లాకొక ప్రత్యేక విభాగం పెట్టమని సుప్రీంకోర్టు 2018 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. దళితుల్ని కులాంతర వివాహం చేసుకున్నవారికి కేంద్ర పథకం కింద రెండున్నర లక్షల ప్రోత్సాహకం ఉంది. ఒక సర్కారు గదిలో డబ్బు ఇస్తారు, ఇంకో గదిలో జంటను దాచిపెడతారు, మా గదిలో నోటీసు అంటిస్తారు.

నేను అడిగేది గొంతెమ్మ కోరికేమీ కాదు. విచారణ ఉండనివ్వండి. అది ఆఫీసరు చేసే పని, ఊరు చేసే పని కాదు. 1998 నుంచి మా శాఖలో కంప్యూటర్లున్నాయి. 2002లో వివాహాల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ మన రాష్ట్రం చట్టం కూడా చేసుకుంది. పాత పెళ్లి రికార్డు ఉందేమో ఆఫీసరు వెతకాలి, ఆధార్ చూడాలి, ఇద్దరి దగ్గరా ప్రమాణపత్రం తీసుకోవాలి. అబద్ధమైతే జైలు. రెండో పెళ్లికి ఏడేళ్ల దాకా శిక్ష ఇప్పుడూ ఉంది. రిజిస్టరు కాని పెళ్లిళ్లు మనలో బోలెడు, కనుక ఇందులోనూ కొందరు తప్పించుకుంటారు. ఆల్బమ్ తువ్వాలులో చుట్టుకొచ్చిన ఆవిడకు ఇది చాలుతుందా అని మీరడిగితే, నా దగ్గర పూర్తి జవాబు లేదు. చాలా రాత్రులు ఆలోచించాను. మొదటి భార్య ఉంటే ఆమెకు తెలిసే ఏర్పాటు ఏదైనా చేయవచ్చు. జిల్లా అంతటికీ తెలియాల్సిన పని లేదు. కావాలని తప్పుడు అభ్యంతరం పెట్టినవాళ్ల నుంచి ఖర్చుల కింద వెయ్యి రూపాయల దాకా వసూలు చేయవచ్చని ఇప్పటి చట్టంలో ఉంది. 1954లో వెయ్యి పెద్ద మొత్తమే. ఇప్పుడు ఆ జీపుకు డీజిలు కూడా రాదు.

తల్లిదండ్రుల సంతకం అడిగిన పెద్దమనిషికి ఒక మాట. అయ్యా, మీ అమ్మాయి మీకు చెప్పకుండా వెళ్తే అది మీకూ ఆమెకూ మధ్య ఉన్న సంగతి. నాకు ఇద్దరు కూతుళ్లలో చిన్నది మూడేళ్ల కిందట చెప్పకుండానే చేసుకుంది. ఆరు నెలలు మాట్లాడలేదు నేను. తర్వాత వాళ్ల అమ్మ మాట్లాడించింది. ఇందులో సబ్ రిజిస్ట్రారుకు ఏం పని?

2011లో, రిటైర్మెంటుకు అయిదేళ్ల ముందు, కౌంటరు దగ్గరికి ఒకావిడ వచ్చింది. ఇంటి లోను కోసం ఈసీ కావాలంది. కాగితం మీద పేరు చూసి తలెత్తాను. జుట్టు కాస్త నెరిసింది. పక్కన హైస్కూలు చదివే వయసు కుర్రాడు ఫోను చూసుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు, పట్టడానికి ఆమె నన్ను సరిగ్గా చూసింది ఎప్పుడు గనక. ఆకుపచ్చ బోర్డు అక్కడే ఉంది. ఆమె దానివైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. ఈసీ వెంటనే తీయించి ఇచ్చాను, కూర్చోమని కుర్చీ వేయించాను. "థాంక్సండీ, ఈ ఆఫీసులో ఇంత తొందరగా పని అవుతుందనుకోలేదు" అంది.

ఆ రోజు ఫోను చేసింది ఎవరో ఆమెకు ఈనాటికీ తెలియదు. వాళ్ల నాన్నగారు పోయారు. తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే. ఆమె ఇక్కడే, మా వీధికి రెండు వీధుల అవతల ఉంటోంది. మీ పేపరు వాళ్లింట్లో వేయించుకుంటారో లేదో నాకు తెలియదు. అందుకని ఒక మనవి. ఉత్తరం వేసుకుంటే వేసుకోండి. అడుగున నా పేరు, ఊరు, ఫోన్ నంబరు రాశాను, మీ నియమం ప్రకారం రాయక తప్పదు కనుక. అవి మాత్రం దయచేసి అచ్చు వేయవద్దు.

ఇట్లు
మీ పాఠకుడు
(రిటైర్డ్ సీనియర్ అసిస్టెంట్, రిజిస్ట్రేషన్ శాఖ)